పల్లాడియం మానేస్తే మందు చౌకవుతుందా? లోహాలతో జరిగే సంశ్లేషణలో అసలు ఖర్చు ఎక్కడుంది

సంక్షిప్తంగా

మందులు, పురుగుమందుల అణువులను కట్టడంలో మెగ్నీషియం, పల్లాడియం, నికెల్, ఇనుము వంటి లోహాలది కీలక పాత్ర. పల్లాడియం ధర పెరిగినప్పుడల్లా చౌక లోహాలకు మారాలన్న చర్చ మొదలవుతుంది. అయితే లోహం ధర మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. లోహాన్ని అంటిపెట్టుకుని దాని ప్రవర్తనను మలిచే లైగాండ్ అనే తోడు అణువు, చర్య జరిగే ద్రావణి, గాలి, తేమ తగలకుండా తీసుకునే జాగ్రత్త, పుట్టే వేడిని బయటికి పంపే ఏర్పాటు, చివర్లో మందులోంచి లోహాన్ని తొలగించే శుద్ధి కలిసి అసలు ఖర్చును నిర్ణయిస్తాయి. రక్తపోటుకు వాడే సార్టాన్ మందులను ప్రధాన ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం ఆ లెక్కను పరిశీలిస్తుంది.

లోసార్టాన్, వాల్సార్టాన్, ఇర్బెసార్టాన్ మాత్రలు తెలుగు ఇళ్లలో చాలామందికి పరిచయమే. వీటి ముడిమందు, అంటే పరిశ్రమలో బల్క్ డ్రగ్ అని పిలిచే పదార్థం, హైదరాబాద్, విశాఖపట్నం పరిసరాల్లోని కర్మాగారాల్లో కూడా తయారవుతుంది. ఈ అణువులన్నిటి నడుమ ఒకే నిర్మాణం కనిపిస్తుంది. రెండు బెంజీన్ వలయాలు ఒకే ఒక్క కర్బన–కర్బన బంధంతో అతుక్కుని ఉంటాయి. దీన్ని బైఫినైల్ అంటారు. కాగితం మీద ఒక చిన్న గీతగా కనిపించే ఈ బంధాన్ని టన్నుల లెక్కన, తక్కువ ఖర్చుతో, ప్రమాదం లేకుండా, మందులో మలినం మిగలకుండా ఏర్పరచడం ఎలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

బెంజీన్ వలయానికి అతుక్కున్న క్లోరిన్ తేలిగ్గా ఊడి రాదు. అలాంటి రెండు వలయాలను పక్కపక్కన పెట్టి వేడి చేసినంత మాత్రాన అవి కలవవు. వాటిలో ఒకదానికి ఎలక్ట్రాన్లను ఇచ్చే గుణం రావాలి, రెండోదాని బంధం వదులు కావాలి. ఈ రెండు పనులూ లోహాలు చేస్తాయి.

ఖర్చయిపోయే లోహం, తిరిగివచ్చే లోహం

లోహాలు ఈ పనిలోకి రెండు రకాలుగా దిగుతాయి. మొదటి రకంలో లోహం ఖర్చయిపోతుంది. 1900లో ఫ్రాన్స్‌లో విక్టర్ గ్రిన్యార్ ప్రకటించిన మార్గం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. తేమ లేని ఈథర్‌లో మెగ్నీషియం తురుమును ఉంచి కర్బన హాలైడును, అంటే కర్బనానికి క్లోరిన్, బ్రోమిన్ వంటి హాలోజెన్ అతుక్కున్న సమ్మేళనాన్ని కలిపితే, కర్బనానికీ హాలోజెన్‌కూ మధ్యలో మెగ్నీషియం దూరుతుంది. అంతవరకు ఎలక్ట్రాన్ల కొరతతో ఉన్న కర్బనం అప్పటినుంచి ఎలక్ట్రాన్లను ఇచ్చే స్థితికి వస్తుంది. ఇలా వచ్చే పదార్థాన్నే గ్రిన్యార్ కారకం అంటారు. ఈ ఆవిష్కరణకు గ్రిన్యార్‌కు 1912లో నోబెల్ బహుమతి లభించింది. ఒక మోల్ (అణువుల సంఖ్యను లెక్కించే కొలమానం) ఉత్పత్తికి కనీసం ఒక మోల్ మెగ్నీషియం కావాలి, అదంతా చివరికి లవణంగా మారి కడిగిన నీటిలో కలుస్తుంది.

రెండో రకంలో లోహం ఉత్ప్రేరకం. పల్లాడియం మొదట కర్బన–హాలోజెన్ బంధంలోకి చొరబడుతుంది. తరువాత బోరాన్, జింక్ లేదా మెగ్నీషియం మోసుకొచ్చిన రెండో కర్బన భాగాన్ని అందుకుంటుంది. చివరికి ఆ రెండు భాగాలనూ ఒకదానికొకటి అప్పగించి తాను మొదటి స్థితికి చేరుకుంటుంది, మరో అణువు కోసం మళ్లీ సిద్ధమవుతుంది. ఈ చక్రం ఎన్నిసార్లు తిరిగితే అంత తక్కువ లోహం సరిపోతుంది. ఈ రకం జోడింపు చర్యలకు రిచర్డ్ హెక్, ఎయిచి నెగిషి, అకిరా సుజుకి 2010లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. వీటిలో బోరాన్ భాగస్వామిగా ఉండే సుజుకి చర్య మందుల పరిశ్రమలో అత్యంత విరివిగా వాడుకలోకి వచ్చింది. బోరోనిక్ ఆమ్లాలు గాలిలో నిలవగలగడం, తేమను తట్టుకోగలగడం దీనికి ముఖ్య కారణాలు.

ఒకే చర్యలో రెండు రకాలూ కలిసి ఉండే సందర్భాలు కూడా ఉన్నాయి. కర్బన హాలైడును ఆల్డిహైడ్ అనే మరో రకం అణువుతో కలిపే నొజాకి–హియామా–కిషి చర్యలో క్రోమియం లవణం మోల్‌కు రెండు మోల్‌లు, చాలాసార్లు అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది. ఒక సీసాలోని క్రోమియం క్లోరైడ్‌తో బాగా జరిగిన ఈ చర్య మరో సీసాతో సరిగా జరగకపోవడానికి కారణం 1986లో బయటపడింది. క్రోమియంలో మలినంగా ఉన్న అతి కొద్ది నికెలే అసలు ఉత్ప్రేరకంగా పనిచేస్తోంది. 1996లో ఆలోయిస్ ఫ్యూర్‌స్ట్‌నర్ బృందం మాంగనీస్ పొడిని, ఒక సిలికాన్ క్లోరైడును జతచేసి క్రోమియాన్ని కూడా ఉత్ప్రేరక మోతాదుకు తగ్గించే దారి చూపింది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే ఎరిబులిన్ తయారీలో ఈ చర్య భాగం. ఆ మందు మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది కనుక ఏటా కావలసిన పరిమాణం చాలా తక్కువ, కాబట్టి లోహం ఖర్చును ఉత్పత్తి విలువ భరించగలుగుతుంది. ఏటా వందల టన్నులు కావలసిన రక్తపోటు మందుకు ఆ వెసులుబాటు లేదు. ఏ చర్య ఖరీదైనదో చెప్పాలంటే ముందుగా అది ఎంత పరిమాణానికి జరగాలో తెలియాలి.

గ్రాముల లెక్క

పల్లాడియం ధర ఎందుకు చర్చకు వస్తుందో ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. ఉత్పత్తి అణుభారం 200 అనుకుందాం. ఒక మోల్ శాతం పల్లాడియం, అంటే ప్రతి వంద ఉత్పత్తి అణువులకు ఒక పల్లాడియం పరమాణువు వాడితే, 200 గ్రాముల ఉత్పత్తికి 1.06 గ్రాముల చొప్పున, కిలోకు దాదాపు 5.3 గ్రాముల లోహం కావాలి. 2022 మార్చిలో రష్యా–ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకు పల్లాడియం ధర ఔన్సుకు 3,000 డాలర్లు దాటింది. 2024 నాటికి 1,000 డాలర్ల కిందికి కూడా దిగింది. ఔన్సు అంటే 31.1 గ్రాములు. అంటే పై చర్యలో కిలో ఉత్పత్తికి లోహం ఖర్చు ఒక దశలో 500 డాలర్లకు పైగా, మరో దశలో 170 డాలర్ల చుట్టూ ఉంటుంది. చర్యలో ఏ మార్పూ లేకపోయినా ఖర్చు మూడింతలు మారిపోయింది.

ఈ ఒడిదుడుకులకు మూలం రసాయన పరిశ్రమలో లేదు. ప్రపంచ పల్లాడియంలో అత్యధిక భాగం పెట్రోలు కార్ల పొగగొట్టాల్లోని కన్వర్టర్లకు వెళ్తుంది. గనుల ఉత్పత్తిలో అధిక భాగం రష్యా, దక్షిణాఫ్రికాల నుంచే వస్తుంది. మందుల తయారీదారు ఈ మార్కెట్‌లో చాలా చిన్న కొనుగోలుదారు, ధరపై అతనికి ఏ పట్టూ ఉండదు.

అయితే ఇదే లెక్కను లోహం మోతాదు తగ్గించి చూస్తే చిత్రం మారిపోతుంది. ఒక మోల్ శాతానికి బదులు 0.01 మోల్ శాతంతో చర్య పూర్తయితే, అత్యధిక ధర ఉన్న రోజుల్లో కూడా కిలోకు లోహం ఖర్చు 5 డాలర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. బీఏఎస్ఎఫ్ సంస్థ బోస్కాలిడ్ అనే శిలీంధ్రనాశినిని సుజుకి చర్యతో ఏడాదికి వెయ్యి టన్నులకు పైగా తయారు చేయగలిగింది. పంట మందుల లాభాల పరిమితిలో కూడా పల్లాడియం ఇమడగలిగిందంటే, ఖరీదైన లోహం దానంతట అదే అడ్డంకి కాదని తేలుతుంది.

మరోవైపు, నికెల్ కిలో ధర పదుల డాలర్లలోనే ఉంటుంది. ఐదు మోల్ శాతం వాడినా కిలో ఉత్పత్తికి 15 గ్రాముల నికెల్ చాలు, లోహంగా దాని విలువ ఒక డాలరు కూడా ఉండదు. కానీ నికెల్‌ను చర్యకు అనువైన లవణంగా మార్చి, దానికి తోడుగా ఫాస్ఫీన్ వంటి లైగాండును జతచేస్తే ఖర్చు చాలా రెట్లు పెరుగుతుంది. కొన్ని ప్రత్యేక ఫాస్ఫీన్ల ధర పల్లాడియం ధరతో పోటీ పడుతుంది. పైగా లైగాండును తిరిగి రాబట్టుకోవడం సాధారణంగా సాధ్యం కాదు, పల్లాడియాన్ని మాత్రం రిఫైనరీకి పంపి విలువలో పెద్ద భాగాన్ని వెనక్కు తెచ్చుకోవచ్చు. ధరల పట్టికలో చౌకగా కనిపించే లోహం, వ్యర్థంలో కలిసిపోయే ఖరీదైన లైగాండుతో వచ్చినప్పుడు లెక్క తారుమారవుతుంది.

ఒకే బంధానికి రెండు దారులు

సార్టాన్ల కథ ఇక్కడే ఆసక్తికరమవుతుంది. లోసార్టాన్ 1995లో అమెరికాలో ఆమోదం పొందింది. దాని తయారీ పద్ధతిని రూపొందించే క్రమంలో మెర్క్, డ్యూపాంట్ శాస్త్రవేత్తలు రెండు వలయాలను సుజుకి చర్యతో కలిపే మార్గాన్ని 1990ల మొదట్లో అభివృద్ధి చేశారు. అది మందుల పరిశ్రమలో ఈ చర్యకు పేరు తెచ్చిన తొలి ఉదాహరణల్లో ఒకటి. టెట్రజోల్ అనే నత్రజని వలయాన్ని ముందే మోస్తున్న సంక్లిష్టమైన భాగాలను కూడా ఈ పద్ధతి కలపగలదు, ఎందుకంటే బోరోనిక్ ఆమ్లం పక్కనున్న సున్నితమైన సమూహాల జోలికి పోదు.

మరో దారిలో చాలా సార్టాన్లకు ఉమ్మడి మధ్యంతర పదార్థమైన ఓటీబీఎన్‌ను తయారు చేస్తారు. ఇది ఒక వలయం మీద మిథైల్, రెండో వలయం మీద నైట్రైల్ (కర్బనం, నత్రజని కలిసిన సమూహం) ఉన్న బైఫినైల్. పారా-టోలిల్ గ్రిన్యార్ కారకాన్ని 2-క్లోరోబెంజోనైట్రైల్‌తో, కొద్దిపాటి మాంగనీస్ క్లోరైడ్ సమక్షంలో కలిపితే ఇది వస్తుంది. ఫ్రాన్స్‌లో జెరార్ కాహియే బృందం 1990ల చివర్లో మాంగనీస్ ఉత్ప్రేరణపై ప్రచురించిన పరిశోధన ఈ పద్ధతికి ఆధారం.

రెండు దారులనూ పక్కపక్కన పెడితే ఒక విషయం స్పష్టమవుతుంది. సుజుకి చర్యకు కావలసిన బోరోనిక్ ఆమ్లాన్ని చాలా సందర్భాల్లో గ్రిన్యార్ కారకం నుంచే తయారు చేస్తారు. గ్రిన్యార్ కారకాన్ని బోరేట్ ఎస్టర్‌తో కలిపి, ఆమ్లంతో జలవిశ్లేషణ చేసి, స్ఫటికాలుగా వేరు చేసి, ఆరబెట్టి, ఆ తరువాత పల్లాడియంతో చర్య జరుపుతారు. మాంగనీస్ దారిలో ఆ నడిమి దశలన్నీ తొలగిపోయి, గ్రిన్యార్ కారకం నేరుగా జోడింపులోకి దిగుతుంది. ఆదా ప్రధానంగా ఒక లోహం స్థానంలో మరో లోహాన్ని పెట్టడం వల్ల రాలేదు. ఒక దశ తగ్గడం వల్ల, దానితోపాటు ఒక రియాక్టర్, ఒక వడపోత, ఒక ఆరబెట్టే యంత్రం, రెండు మూడు రోజుల సమయం తగ్గడం వల్ల వచ్చింది.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. గ్రిన్యార్ కారకం నైట్రైల్ మీద కూడా దాడి చేయగలదు, తనలో తానే కలిసి 4,4'-డైమిథైల్ బైఫినైల్ అనే ఉప ఉత్పత్తిని ఇవ్వగలదు. కలిపే వేగం, ఉష్ణోగ్రత, మాంగనీస్ లవణంలోని తేమ, మలినాలు సరిగా ఉంటేనే దిగుబడి నిలుస్తుంది. ఈ దారి తెరుచుకోవడానికి నైట్రైల్ సమూహం సరిగ్గా క్లోరిన్ పక్కన ఉండటం తోడ్పడింది. ఆ సమూహం ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడం వల్లే క్లోరిన్ స్థానం చర్యకు అనువుగా మారింది. అలాంటి అనుకూలత లేని అణువుకు మాంగనీస్ ఇదే ఫలితం ఇస్తుందని ఆశించలేం. పల్లాడియం బలం దాని విస్తృతిలో ఉంది. చౌక లోహాలకు తరచు ఒక అణువుకు నప్పిన పద్ధతి మరో అణువుకు నప్పదు, కాబట్టి ప్రతిసారీ అభివృద్ధికి సమయం వెచ్చించాలి.

ఇనుము, నికెల్: ఆశలు, జాగ్రత్తలు

ఇనుము అత్యంత ఆకర్షణీయమైన ప్రత్యామ్నాయంగా కనిపిస్తుంది. కొత్త ఆలోచనేమీ కాదు. ఇనుము, కోబాల్ట్, నికెల్ లవణాలు గ్రిన్యార్ కారకాల ప్రవర్తనను మార్చడాన్ని మోరిస్ ఖరాష్ 1941లోనే గమనించాడు. 1971లో తమురా, కోచి ఇనుముతో జోడింపు చర్యలను చూపారు. 1972లో కుమాడ, కొరియూ బృందాలు వేర్వేరుగా నికెల్‌తో దారి వేశాయి. అంటే పల్లాడియం రాజ్యానికి ముందే చౌక లోహాలు వచ్చాయి. సున్నితమైన సమూహాలను కాపాడటంలో, ఫలితం ప్రతిసారీ ఒకేలా రావడంలో వెనుకబడి అవి పక్కకు జరిగాయి. 2002లో ఫ్యూర్‌స్ట్‌నర్, లైట్నర్ ఇనుముతో అరైల్ క్లోరైడ్లను (బెంజీన్ వలయానికి క్లోరిన్ అతుక్కున్న అణువులను) గది ఉష్ణోగ్రతలో నిమిషాల్లో కలిపి చూపడంతో ఆసక్తి తిరిగి మొదలైంది. కానీ ఆ పద్ధతిలో ఎన్‌ఎంపీ అనే ద్రావణిని తోడుగా వాడారు. దాన్ని ఐరోపాలో పునరుత్పత్తి ఆరోగ్యానికి హాని చేసేదిగా వర్గీకరించారు. లోహం విషయంలో వచ్చిన లాభం ద్రావణి విషయంలో కొంత పోయినట్టయింది.

చౌక లోహాల పరిశోధనలో మరో చిక్కు ఉంది. పని చేస్తున్నది మనం వేసిన లోహమేనా? 2003లో పల్లాడియం లేకుండానే సుజుకి చర్య జరిగిందని ప్రకటించిన పరిశోధకులే 2005లో మళ్లీ పరిశీలించి, తాము వాడిన సోడియం కార్బొనేట్‌లో వంద కోట్లలో 50 వంతుల స్థాయిలో ఉన్న పల్లాడియం ఆ పని చేసిందని వెల్లడించారు. 2009లో బుఖ్‌వాల్డ్, బోల్మ్ కలిసి, ఇనుము ఉత్ప్రేరకంగా భావించిన కొన్ని చర్యల్లో ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుప లవణంలోని రాగి మలినం పాత్రను ఎత్తి చూపారు. ఇది ప్రయోగశాలకు పరిమితమైన వాదన కాదు. ప్లాంటులో సరఫరాదారు మారి మరింత శుద్ధమైన ఇనుప లవణం వచ్చిన రోజున చర్య ఆగిపోతే, ఒక బ్యాచ్ మొత్తం నష్టమవుతుంది. శుద్ధత పెరిగితే చర్య ఆగడం సాధారణ అంచనాకు విరుద్ధంగా ఉంటుంది కనుక కారణం కనిపెట్టడానికి వారాలు పడుతుంది.

నికెల్ విషయంలో పెద్ద అడ్డంకి దాని సున్నితత్వం. పరిశోధకులు ఎక్కువగా వాడే నికెల్ సమ్మేళనం గాలి తగిలితే చెడిపోతుంది, దాన్ని ఆక్సిజన్ లేని పెట్టెల్లో తూకం వేయాలి. 2020లో ఈ పరిస్థితి కొంత మారింది. జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ బొగ్గు పరిశోధన సంస్థలో జోసెప్ కోర్నెయా బృందం, అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో కియరీ ఎంగిల్ బృందం గాలిలో తూకం వేయగలిగే నికెల్ సమ్మేళనాలను వేర్వేరుగా ప్రకటించాయి. ప్లాంటుకు ఇది చెప్పుకోదగ్గ మార్పు. వంద కిలోల బ్యాచ్‌కు ఉత్ప్రేరకాన్ని మామూలు గదిలో తూచి రియాక్టరులో వేయగలగడం, దానికోసం ప్రత్యేక ఏర్పాటు చేయవలసి రావడం మధ్య పెట్టుబడి తేడా చాలా ఉంటుంది.

ఫ్లాస్కు నుంచి రియాక్టరుకు

ఇంతవరకు చూసినది ధరల సమస్య. పరిమాణం పెరిగినప్పుడు వచ్చేది వేడి సమస్య, ఇందులో పొరపాటుకు మూల్యం మనుషుల ప్రాణాలు.

ఒక లీటరు ఫ్లాస్కును అదే ఆకారంలో వెయ్యి లీటర్ల రియాక్టరుగా పెంచితే లోపలి పరిమాణం వెయ్యి రెట్లు పెరుగుతుంది, గోడల వైశాల్యం మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. వేడి పరిమాణం మొత్తంలో పుడుతుంది, గోడల ద్వారానే బయటికి పోతుంది. అంటే ప్రతి లీటరుకూ దక్కే చల్లదనం పదో వంతుకు పడిపోతుంది. ఫ్లాస్కులో మంచు నీళ్ల గిన్నెతో అదుపులో ఉన్న చర్య, రియాక్టరులో అదే వేగంతో జరిగితే అదుపు తప్పుతుంది.

గ్రిన్యార్ చర్యలో ఈ ప్రమాదం మరో రూపంలో దాగి ఉంటుంది. మెగ్నీషియం మీద ఆక్సైడు పొర ఉండటం వల్ల చర్య వెంటనే మొదలు కాదు. మొదలైందనుకుని ఆపరేటర్ హాలైడును పోస్తూ పోతే అది పేరుకుపోతుంది. ఆ తరువాత ఒక్కసారిగా చర్య రాజుకుంటే పేరుకున్నదంతా కొద్ది నిమిషాల్లో వేడిని విడుదల చేస్తుంది. ఈథర్ మరిగే ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్‌కు కొద్దిగా తక్కువ, దాని ఆవిరి మైనస్ 45 డిగ్రీల దగ్గర కూడా నిప్పంటుకోగలదు. అందుకే అనుభవం గల ప్లాంట్లలో మొదట హాలైడులో చిన్న భాగాన్ని మాత్రమే పోసి, ఉష్ణోగ్రత పెరుగుదలతోనో పరారుణ కిరణాల పరిశీలనతోనో చర్య మొదలైందని నిర్ధారించుకున్న తరువాతే మిగతాది కలుపుతారు. గత బ్యాచ్ నుంచి కొంత గ్రిన్యార్ ద్రావణాన్ని రియాక్టరులో మిగల్చడం, అయోడిన్ పలుకులతో లోహపు ఉపరితలాన్ని శుభ్రం చేయడం ఇందుకు తోడ్పడే పాత పద్ధతులు.

2007 డిసెంబరు 19న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే సంస్థలో జరిగిన పేలుడు ఈ విషయంలో ఒక గట్టి పాఠం. అక్కడ సోడియం లోహాన్ని ఒక కర్బన సమ్మేళనంతో డైగ్లైమ్ ద్రావణిలో చర్య జరిపి, పెట్రోలులో కలిపే మాంగనీస్ సమ్మేళనాన్ని తయారు చేసేవారు. రియాక్టరు సామర్థ్యం 2,450 గ్యాలన్లు, అంటే 9,000 లీటర్లకు పైగా. చల్లబరిచే వ్యవస్థ విఫలమై ఉష్ణోగ్రత పెరుగుతూ పోయింది. సుమారు 199 డిగ్రీల సెల్సియస్ దాటాక సోడియం ద్రావణితోనే చర్య మొదలుపెట్టింది. నలుగురు చనిపోయారు, 32 మంది గాయపడ్డారు. చల్లటి నీటికి ప్రత్యామ్నాయ ఏర్పాటు లేకపోవడాన్ని, ప్రయోగశాలలో ఆ రెండో చర్య ఉనికిని ముందుగా గుర్తించకపోవడాన్ని అమెరికా రసాయన భద్రతా దర్యాప్తు మండలి ఎత్తిచూపింది. ఇంజనీరింగ్ విద్యలో ఇలాంటి చర్యల ప్రమాదాలను బోధించాలని కూడా సిఫారసు చేసింది.

దీనికి పరిష్కారాలు రెండు వైపుల నుంచి వస్తున్నాయి. మొదటిది చర్య స్వభావాన్ని మార్చడం. లిథియం కారకాలతో అణువులోని హాలోజెన్ స్థానంలో లోహాన్ని చేర్చే పద్ధతులకు చాలాసార్లు మైనస్ 78 డిగ్రీల చలి కావాలి. ప్రయోగశాలలో పొడి మంచుతో తేలిగ్గా వచ్చే ఈ చలిని ప్లాంటులో తేవాలంటే ద్రవ నత్రజని, ప్రత్యేక ఉక్కు పాత్రలు కావాలి. 2004లో మ్యూనిక్‌లో పాల్ నోషెల్ బృందం గ్రిన్యార్ కారకానికి లిథియం క్లోరైడ్ జతచేసి, దాన్ని చాలా చురుగ్గా మార్చింది. లిథియం క్లోరైడ్ ఆ కారకపు గుంపులను విడగొట్టి విడి అణువులుగా నిలుపుతుందని వివరణ. ఫలితంగా లిథియంతో అతి చలిలో చేసే మార్పిడుల్లో చాలావాటిని సున్నా డిగ్రీల చుట్టుపక్కలే చేయవచ్చు. మామూలు ఉప్పునీటి శీతలీకరణతో పని జరిగిపోతుంది. చౌకైన లవణం ఒకటి ఖరీదైన యంత్రాంగాన్ని అనవసరం చేసిన సందర్భం ఇది.

రెండోది పాత్ర ఆకారాన్ని మార్చడం. పెద్ద రియాక్టరుకు బదులు సన్నని గొట్టంలో నిరంతరం ప్రవహించేలా చర్యను నడిపితే, గోడల వైశాల్యం ఎక్కువగా ఉంటుంది, ఏ క్షణంలోనైనా చర్యలో ఉండే పదార్థం కొద్దిగానే ఉంటుంది. మెగ్నీషియం ఘన పదార్థం కనుక గొట్టాలు మూసుకుపోయే సమస్య ఉంటుంది. లోహపు తురుమును ఒక గొట్టంలో నింపి హాలైడు ద్రావణాన్ని దాని గుండా పంపడం దీనికి ఒక మార్గం. ఇందుకు కొత్త పంపులు, సెన్సార్లు, వాటిని నడపగల సిబ్బంది కావాలి. ఒకే రియాక్టరులో ఏడాదికి పది రకాల మందులు తయారు చేసే మధ్య తరహా సంస్థకు ఆ పెట్టుబడి వెంటనే గిట్టుబాటు కాదు. ఏడాది పొడవునా ఒకే మధ్యంతర పదార్థాన్ని తయారు చేసే సంస్థకు గిట్టుబాటవుతుంది.

ద్రావణి బరువు

మందుల తయారీలో వాడే మొత్తం పదార్థాల బరువులో సగానికి పైగా ద్రావణులదే. గ్రిన్యార్ చర్యకు విరివిగా వాడే టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణి నీటిలో పూర్తిగా కలిసిపోతుంది కాబట్టి, చర్య తరువాత దాన్ని పొడిగా తిరిగి రాబట్టడం కష్టం. దానికి దగ్గరి బంధువైన 2-మిథైల్ టీహెచ్‌ఎఫ్ నీటితో పొరగా విడిపోతుంది. చెరకు పిప్పి, మొక్కజొన్న కండెల నుంచి వచ్చే ఫర్‌ఫ్యురాల్ అనే రసాయనంతో దాన్ని తయారు చేయవచ్చు. కొనేటప్పుడు ధర ఎక్కువే అయినా, తిరిగి వాడుకునే శాతం పెరగడంతో లెక్క సరిపోయే సందర్భాలున్నాయి.

తెలుగు ప్రాంతంలో ద్రావణులు, లవణాల వ్యర్థజలాలకు ఒక చరిత్ర ఉంది. పటాన్‌చెరు, బొల్లారం పరిసరాల కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు వ్యాజ్యం వెళ్లింది. ఆ చెరువుల మీద ఆధారపడిన ఊళ్లు భరించిన నష్టం ఏ కంపెనీ ఖాతాల్లోనూ ఖర్చుగా నమోదు కాలేదు. ఇప్పుడు వ్యర్థజలాన్ని బయటికి వదలకూడదన్న షరతున్న ప్లాంట్లలో ఉప్పునీటిని ఆవిరి చేసి లవణాన్ని వేరు చేయాలి. గ్రిన్యార్ చర్యలో ఖర్చయిన మెగ్నీషియం మొత్తం లవణంగా ఆ ఆవిరి యంత్రాలకే చేరుతుంది. చౌక లోహాన్ని మోల్‌కు మోల్ వాడితే వచ్చే ఖర్చు అక్కడ కనిపిస్తుంది.

ద్రావణిని బాగా తగ్గించే రెండు ప్రయత్నాలు ప్రస్తావించదగ్గవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణంలో బ్రూస్ లిప్‌షుట్జ్ బృందం 2011లో విటమిన్ ఇ ఆధారంగా తయారైన ఒక సబ్బులాంటి పదార్థాన్ని నీటిలో కలిపి, దాని సూక్ష్మ గోళాల లోపల జోడింపు చర్యలను జరిపింది. చర్యలో పాల్గొనే అణువులన్నీ ఆ ఇరుకు చోటులో గుమిగూడతాయి కనుక పల్లాడియం పదిలక్షల్లో కొన్ని వందల వంతులకు తగ్గినా సరిపోతుందని 2015లో ఆ బృందం చూపింది. రెండోది 2021లో జపాన్‌లోని హొక్కయిడో విశ్వవిద్యాలయంలో హజిమె ఇతో, కోజి కుబొత బృందం చేసినది. వారు మెగ్నీషియాన్ని, హాలైడును, అతి కొద్ది ఈథర్‌ను ఉక్కు గుండ్లున్న జాడీలో వేసి గాలిలోనే నూరి గ్రిన్యార్ కారకాలను తయారు చేశారు. గుండ్ల దెబ్బకు లోహపు ఆక్సైడు పొర ఎప్పటికప్పుడు చెదిరిపోతుంది, చర్య మొదలు కావడానికి ఎదురుచూడవలసిన పని తగ్గుతుంది. అయితే మూసిన జాడీలో టన్నుల లెక్కన నూరేటప్పుడు వేడిని ఎలా తీసేయాలన్న ప్రశ్న ఇక్కడా మిగిలే ఉంది.

మాత్రలో మిగిలే లోహం

చర్య ఎంత చౌకగా జరిగినా, మందులో మిగిలిన లోహాన్ని తీసేయలేకపోతే ఆ బ్యాచ్ అమ్ముడుపోదు. అంతర్జాతీయ ఔషధ నియంత్రణ సంస్థలు ఐసీహెచ్ అనే ఉమ్మడి ప్రమాణాల మండలి వేదికగా 2014లో ఖరారు చేసిన మార్గదర్శకం ప్రకారం, నోటి ద్వారా తీసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించకూడదు, ఇంజెక్షన్‌లో 10 మైక్రోగ్రాములు మించకూడదు. రోజు మోతాదు 10 గ్రాములు అనుకుంటే నోటి మందు పరిమితి పదిలక్షల్లో 10 వంతులకు సమానం. కొనుగోలుదారులు చాలాసార్లు ఈ 10 సంఖ్యనే అన్ని మందులకూ అడుగుతారు. కానీ రోజుకు 100 మిల్లీగ్రాములే తీసుకునే మందుకు సిద్ధాంతపరంగా పరిమితి దీనికి వంద రెట్లు ఉంటుంది. మోతాదును బట్టి పరిమితిని లెక్కించకుండా శుద్ధి దశలు పెంచడం, గంధకం ఉన్న సిలికా వంటి ఖరీదైన శోషకాలను వాడటం వృథా ఖర్చు. ఇంజెక్షన్ మందుల్లో మాత్రం ఆ కఠినత్వం రోగి భద్రతకు అత్యవసరం.

ఇదే మార్గదర్శకంలో ఇనుము, జింక్, మాంగనీస్, మెగ్నీషియంలకు ఇలాంటి రోజువారీ పరిమితి పెట్టలేదు, వాటి విషగుణం తక్కువ కాబట్టి. నికెల్‌కు పరిమితి ఉంది. అంటే ఓటీబీఎన్ తయారీలో మాంగనీస్ ఎంపిక శుద్ధి ఖర్చులో కూడా కలిసివస్తుంది, నికెల్‌కు మారితే ఆ సౌలభ్యం ఉండదు.

పల్లాడియాన్నే ఘన ఆధారం మీద నిలిపి, చర్య తరువాత వడకట్టి మళ్లీ వాడాలన్నది మరో వ్యూహం. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో బి.ఎం.చౌదరి, ఎం.లక్ష్మీకాంతం తదితరులు 2002లో పొరల నిర్మాణం గల హైడ్రాక్సైడ్ పదార్థం మీద అతి సూక్ష్మమైన పల్లాడియం కణాలను నిలిపి, హెక్, సుజుకి, సొనొగషిరా, స్టిల్లే అనే జోడింపు చర్యలను క్లోరైడ్లతో జరిపి చూపారు. బ్రోమైడ్లు, అయోడైడ్ల కంటే క్లోరైడ్లు చౌక, చర్యకు మాత్రం మొండివి కనుక ఈ ఫలితానికి ప్రాధాన్యం ఉంది. ఘన ఉత్ప్రేరకాలన్నిటికీ ఒక పరీక్ష తప్పదు. చర్య సగంలో ఉండగా వేడి వేడిగా వడకట్టి, ద్రవాన్ని విడిగా కొనసాగించి చూస్తారు. అది ఇంకా ముందుకు సాగితే, లోహం ఘనం నుంచి జారి ద్రావణంలో కరిగి పని చేస్తోందని అర్థం. అలాంటప్పుడు తిరిగి వాడే సంఖ్య తగ్గుతుంది, మందులో మిగిలే లోహం పెరుగుతుంది.

లోహాన్ని ఎప్పుడు మార్చాలన్నది కూడా ఖర్చును నిర్ణయిస్తుంది. కొత్త మందు తొలి దశల్లో కొన్ని గ్రాములు త్వరగా కావాలి, అప్పుడు పల్లాడియం నమ్మకమైన దారి. మందుకు ఆమోదం వచ్చాక ఉత్ప్రేరకం మారితే మలినాల స్వరూపం మారుతుంది, వాటిని మళ్లీ గుర్తించి, పరిమితులు నిర్ణయించి, నియంత్రణ సంస్థలకు కొత్త సమాచారం ఇవ్వాలి. ఆ శ్రమకు తగిన ఆదా ఉంటే తప్ప మూలకర్త సంస్థ మార్పుకు పూనుకోదు. పేటెంటు గడువు దగ్గరపడినప్పుడు జనరిక్ తయారీదారు తన సొంత పద్ధతితో కొత్తగా పత్రాలు సిద్ధం చేసుకుంటాడు, పాత మార్గానికి కట్టుబడనక్కరలేదు. మాంగనీస్, నికెల్, ఇనుము మార్గాలను పరీక్షించడానికి వీలైన కాలం అదే. హైదరాబాద్, విశాఖ ప్లాంట్లలో ఎక్కువ పని ఆ దశలోనే జరుగుతుంది.